ప్రభావతి పేరున్న సీసా

నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో ఉన్న చిన్న దవాఖానలో ప్రభావతి పని పొద్దున్నే జలగల సీసాల్లో నీళ్లు మార్చడంతో మొదలవుతుంది. మనిషికో జలగ, సీసా మీద ఆ మనిషి పేరుతో చీటీ. ఒకరిని కరిచినదాన్ని ఇంకొకరికి పెట్టరు. చెడురక్తంతో పాటు అలసట కూడా తాగుతాయి కాబట్టి సాయంత్రానికి సీసాలు బరువెక్కుతాయి. బస్సు కండక్టర్ సీసానైతే ఇద్దరు పట్టాల్సిందే. జలగల నోటికి పసుపు రాసి, తాగిందంతా కక్కించి, ప్రభావతి మోరీలో పారబోస్తుంది. ఆ మోరీ పక్కన కుక్కలు ఎప్పుడు చూసినా నిద్రలోనే ఉంటాయి, పాపం.

ఇంతమంది అలసటను ఎత్తి దించే మనిషి అలసట మాటేమిటని ఎవరూ అడగలేదు. మోకాళ్లు పట్టేశాయి. నడుము ఎప్పుడో పోయింది. అందుకే ఎవరినీ కరవని జలగనొకదాన్ని దాచుకుని, సీసా మీద తన పేరే రాసుకుంది. ఓ రోజు సెలవు దొరికితే పెట్టుకుందామని ఆశ. ఆ సెలవు రాలేదు, నీళ్లు మార్చడం మాత్రం తప్పలేదు.

ఆ పొద్దున ఆబిడ్స్ ఆస్పత్రి నుంచి డాక్టర్ మృదుల ఫోన్ చేసింది. ప్రభావతి తమ్ముడు విజయేందర్ ఆబిడ్స్‌లో టైలరు. ముందురోజు దుకాణం షట్టరు పడి తెగిన బొటనవేలిని అతికించింది ఈ డాక్టరమ్మే.

"వేలు నల్లబడుతోందమ్మా. రక్తం లోపలికి వెళ్తోంది, బయటికి రావడంలేదు. జలగ ఎంగిలి తగిలితే రక్తం గడ్డకట్టదు కదా, కొత్తదుంటే వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే వేలు తీసేయాలి."

బొటనవేలు లేకుండా వాడు కత్తెరెలా పడతాడు? జలగలు తెచ్చే ఫణికుమార్ వానలకు ఇటు రావడమే మానేశాడు. ఉన్నవన్నీ ఎవరివో ఒకరివే. తన సీసా వైపు చూస్తే ప్రభావతికి ఏడుపొచ్చింది. తమ్ముడి మీద కోపమూ వచ్చింది, అబద్ధమెందుకు. అయినా సీసా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆ గాభరాలో చీటీ మార్చడం మర్చిపోయింది.

"అక్కా, గిది నీ కోసం పెట్టుకున్నది కదనే?" అన్నాడు విజయేందర్.

"నోర్మూసుకొని చెయ్యి చాపు."

జలగ వేలిని పట్టుకుంది. గోడకు చేరగిలబడి ప్రభావతి చూస్తూనే ఉంది. నలుపు కాస్తా నీలమై, తర్వాత గోరు కింద ఎరుపు కనిపించింది. కడుపు నిండి జలగ ఊడిపడితే సీసాలో వేశారు. మృదుల సీసా ఎత్తబోయింది, కదల్లేదు. నర్సు కూడా ఓ చెయ్యేసినా కదల్లేదు. అప్పుడు డాక్టరమ్మ వంగి చీటీ చదివింది.

"పేరు మార్చలేదామ్మా?"

"మర్చిపోయిన."

రక్తం తమ్ముడిది తాగింది గానీ, అలసట చీటీ మీద పేరున్న మనిషిదే తాగింది మరి.

"పసుపు పెట్టి కక్కించనా?" అంది నర్సు.

"వద్దు బిడ్డా, ఇంత అలసట మోరీ గూడ తట్టుకోదు. పండనియ్యి దాన్ని."

జలగ అడుగున ముడుచుకుని అప్పటికే నిద్రపోతోంది.

"ఇంటికి పోయి నువ్వు గూడ జర పండుకో అక్కా," అన్నాడు విజయేందర్.

అలవాటు కొద్దీ ప్రభావతి స్టూలు లాక్కుంది. కూర్చోబుద్ధి కాలేదు.

"నిద్రొస్తలేదురా," అంది. "ఏం చెయ్యాల్నో సమజైతలేదు."

బయటికొచ్చి, రెయిలింగ్ పట్టుకోకుండానే మెట్లు దిగసాగింది. సగంలో ఆగి, మోకాలు తడుముకుని చూసుకుంది. నొప్పి లేదు. అక్కడే నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.