మింగ్‌మింగ్‌కు వినపడేలా

నా టీవీకి ఐదేళ్లుగా నోరు లేదు. చెడిపోయి కాదు, నేనే దాని నోరు నొక్కేశాను. రోజూ మధ్యాహ్నం మూడున్నరకు కిటికీ తెర లాగి, తలుపు గడియ పెట్టి, బొమ్మ మాత్రం పెట్టుకుని కూర్చునేదాన్ని. మాటలు గోడ అవతల నుంచి వచ్చేవి. మా ఊరు లుసేనాలో వరుస ఇళ్ల మధ్య ఉన్నవి పేరుకే గోడలు, నిజానికి ప్లైవుడ్ చెక్కలు. పక్కింటి ఆలింగ్ బెబాంగ్ తన టీవీని వీధి చివరిదాకా వినపడేలా పెట్టేది. బొమ్మ నాది, సౌండు ఆమెది. ఆ రెండూ కలిస్తేనే నాకు సీరియల్.

ఇంత దొంగతనం ఎందుకని అడుగుతారేమో. నేను ఫ్లోర్డెలిసా అబ్రేనికాని. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పాను. పెళ్లి చేసుకోలేదు. డెస్కుల కింద పెట్టుకుని ప్రేమ నవలలు చదివే ఆడపిల్లల్ని నిలబెట్టి, ఆ నవలల్ని క్లాసు ముందే చింపేదాన్ని. రిటైరయ్యాక ప్రార్థనామందిరంలో ఆడవాళ్ల సంఘానికి పెద్దనయ్యాను. ఎవరింట్లో చావు జరిగినా జపమాల చెప్పించేది నేనే. ఆ సంఘంలోనే ఒకసారి లేచి నిలబడి, ఈ మధ్యాహ్నపు ప్రేమ సీరియళ్లు మెదడుకు పట్టిన చెదపురుగులని గట్టిగా చెప్పాను. అందరూ తలలూపారు. అలాంటి నా ఇంట్లోంచి సీరియల్ హీరో లియాండ్రో వెక్కిళ్లు బయటికి వినపడితే నా పరువేం కావాలి? ఆ చెక్క గోడలోంచి బల్లి అరిచినా వినపడుతుంది. నాది పాత టీవీ, చెవుల్లో పెట్టుకునే తీగకు చోటు కూడా లేనిది.

మొదట్లో ఆలింగ్ బెబాంగ్ నన్ను పిలిచింది. ఆమె పొద్దున్నే ఇంటి ముందు మూకుడు పెట్టుకుని, అరటికాయలు చక్కెరలో వేయించి పుల్లలకు గుచ్చి అమ్మేది. చేతులు ఎప్పుడూ జిగురుజిగురుగా ఉండేవి.

"మేడమ్, 'రేవులో రెండు దీపాలు' చూస్తున్నారా? మా ఇంట్లో కొత్త టీవీ తెచ్చాం. రండి, ఇద్దరం చూద్దాం. ఒక్కదాన్నే ఏడవలేక చస్తున్నా."

"ఆ చెత్త చూసే తీరిక నాకు లేదు, ఆలింగ్ బెబాంగ్. మీరూ ఆ టైములో ఏదైనా మంచి పుస్తకం చదువుకోండి" అన్నాను.

ఆమె మొహం కొంచెం చిన్నబోయింది. "సరేలెండి మేడమ్" అని ఒక అరటికాయ పుల్ల నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. ఆ మధ్యాహ్నం మూడున్నరకే ఆ పుల్ల తింటూ నేను ఆ సీరియల్ మొదటిసారి చూశాను.

సీరియల్ గురించి ఏం చెప్పను? సిగ్గుగానే ఉంది. ఇసడోరా బట్టలు ఉతికే పిల్ల. నిజానికి కొబ్బరి తోటల జమీందారు కూతురు, ఆ సంగతి ఆమెకు తెలియదు. లియాండ్రోకు మూడుసార్లు జ్ఞాపకశక్తి పోయింది, రెండుసార్లే తిరిగొచ్చింది. అతని పినతల్లి కనపడ్డ వాళ్లందరి చెంపా వాయిస్తుంది. ఇలాంటిదాన్ని నా విద్యార్థి ఎవరైనా కథగా రాసి తెస్తే సున్నా వేసేదాన్ని. అయినా మధ్యాహ్నం భోజనం చేసిన దగ్గర్నుంచీ గడియారం ముల్లే చూస్తూ కూర్చునేదాన్ని. శనివారాల్లో ఆ వారం ఐదు భాగాలూ వరసగా మళ్లీ వేసేవారు. చూసినవే కదా అని లేచేదాన్ని కాదు. ఆ రోజు అన్నం కూడా గిన్నెలోనే తినేదాన్ని.

పైగా గోడ అవతల ఆలింగ్ బెబాంగ్ వ్యాఖ్యానం ఒకటి. ఆమెకో పిల్లి ఉండేది, పేరు మింగ్‌మింగ్. నేనెప్పుడూ దాన్ని చూడలేదు గానీ, మా రేకుల మీద తిరిగే పిల్లుల్లో ఏదో ఒకటై ఉంటుందనుకున్నాను. ఆమె దానితో మాట్లాడకుండా ఒక్క భాగమూ చూసేది కాదు.

"చూశావా మింగ్‌మింగ్, ఆ పినతల్లి మొహం! దాని చెంప వాయించేవాడు ఒక్కడూ లేడే ఈ ఊళ్లో!"

వీధిలో తిరిగే ట్రైసికిల్ ఆటోల గోలలో ఏదైనా మాట కలిసిపోతే, ఆమె గట్టిగా అందుకునేది. "ఏమన్నాడో విన్నావా మింగ్‌మింగ్? రేవులో ఎదురుచూడమన్నాడు. రేవులో!" ప్రకటనలు రాగానే, "రెండు నిమిషాలు మింగ్‌మింగ్, అటూ ఇటూ పోకు" అనేది. ఆ రెండు నిమిషాల్లోనే నేనూ లేచి మంచినీళ్లు తాగి వచ్చేదాన్ని. చావు ప్రార్థనకు వెళ్లి నేనొక భాగం చూడలేకపోతే, మర్నాడు మూడుంపావుకే ఆ పిల్లిని కూర్చోబెట్టి నిన్నటి కథంతా పూసగుచ్చినట్టు చెప్పేది. పాపం, ముసలితనంలో మతి చలించింది, పిల్లికి కథలు చెబుతోంది అనుకునేదాన్ని. నా అదృష్టం బాగుందని కూడా అనుకునేదాన్ని.

ఒకసారి పరువు కోసం, నలుగురూ వింటుండగా అడిగాను. "ఆలింగ్ బెబాంగ్, ఆ సౌండు కొంచెం తగ్గించకూడదా?"

"చెవులు సరిగ్గా వినపడి చావవు మేడమ్, ఏమనుకోకండి" అంది. మర్నాడు సౌండు ఇంకా పెరిగింది.

నిజం చెప్పేస్తున్నాను. రోజు మొత్తంలో నా ఇంట్లో వినపడే మనిషి గొంతు అదొక్కటే. పొద్దున లేచి కాఫీ పెట్టుకుంటాను, మొక్కలకు నీళ్లు పోస్తాను, మందిరం నేల తుడిచి వస్తాను. ఎవరైనా "బావున్నారా మేడమ్" అంటే "బావున్నాను" అంటాను. అంతే. మూడున్నరకు ఆ గోడ మాట్లాడటం మొదలెడితే నా గదిలో ఎవరో వచ్చి కూర్చున్నట్టుండేది. అది లేకపోతే ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

సీరియల్ ముగిసే వారం వచ్చింది. చివరి భాగం శుక్రవారం. సోమవారం ఆలింగ్ బెబాంగ్ పిల్లితో పందెం కాసింది. "రాసిపెట్టుకో మింగ్‌మింగ్. చివరికి అందరూ ఏదో పాత గోడౌన్‌లోనే తేలతారు. పినతల్లి తుపాకి పట్టుకుంటుంది. ఏ సీరియలైనా గోడౌన్ లేకుండా అయిందా?" నేను దిండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. కాదు, రేవులోనే అవుతుంది, పేరే రేవు కదా అని మనసులో వాదించాను.

మంగళవారం మూడున్నరైంది. గోడ మాట్లాడలేదు.

మూడూ నలభై అయింది. తెర మీద ఇసడోరా పెదాలు కదులుతున్నాయి, ఏదో ముఖ్యమైన సంగతే చెబుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. "టీవీ పెట్టవేం, ముసలిదానా! ఇవాళే నిద్ర పట్టిందా నీకు!" అని గోడను చూసి గొణిగాను. అప్పుడైనా లేచి వెళ్లి తలుపు తట్టలేదు. తడితే ఏమని అడగను? అరగంటసేపు మూగబొమ్మలు చూసి, విసుక్కుంటూ కట్టేశాను.

సాయంత్రం మూడో ఇంటి మాంగ్ ఇస్కో చెప్పాడు. పొద్దున మూకుడు దగ్గరే ఆలింగ్ బెబాంగ్ కూలబడిందట. తన ట్రైసికిల్‌లోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడట. నేనప్పుడు మందిరంలో ఉన్నాను. బుధవారం తెల్లారకముందే ఆమె పోయింది. నేను "ముసలిదానా" అని తిట్టిన వేళకు ఆమె ముక్కులో గొట్టంతో పడుకుని ఉంది. ఆ మాటను నేనిప్పటికీ దిగమింగుకోలేకపోతున్నాను.

శవపేటికను ఆదివారం దాకా జాగారానికి ఇంటి ముందుగదిలో పెట్టారు. ఐదేళ్లలో నేను ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. బుధవారం, గురువారం మూడు గంటలకు జపమాల చెప్పించి, అది అవగానే ఇంటికొచ్చేశాను. టీవీ పెట్టలేదు. శుక్రవారం మళ్లీ వెళ్లాను. గుమ్మం దగ్గర మాంగ్ ఇస్కో వాళ్లు జాగారం ఆనవాయితీగా పేకాడుకుంటున్నారు, బల్ల మీద బిస్కెట్లు, పుచ్చగింజలు. పేటిక పక్కనే ఆ టీవీ, దాని మీద ఎవరో తెల్లటి అల్లిక గుడ్డ కప్పారు. ప్రార్థన ముగించాను గానీ నా కళ్లు గడియారం మీదే ఉన్నాయి. మూడూ పదిహేను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె కూతురు మరివిక్ వంటింట్లో కాఫీ కలుపుతోంది. నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు బటంగాస్‌లో బట్టల కొట్టు నడుపుతోంది. పలకరించడానికి వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియక, "మీ అమ్మ పిల్లి ఏదమ్మా? దానికెవరైనా అన్నం పెడుతున్నారా?" అన్నాను.

"పిల్లా?"

"అదే, మింగ్‌మింగ్."

మరివిక్ చెంచా కింద పెట్టింది. "అమ్మకి పిల్లి బొచ్చు గాలి సోకినా ఆయాసం మేడమ్. మా ఇంట్లో పిల్లి ఎప్పుడూ లేదు."

"రోజూ మాట్లాడేది కదా దాంతో. నేను విన్నాను."

"మీరు వినాలనే మాట్లాడేది." ఆమె నా వైపు జాలిగా చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. "మింగ్‌మింగ్ అంటే మీరే మేడమ్. మొదట్లో ఒకరోజు ప్రకటనలప్పుడు సౌండు తగ్గిస్తే, గోడ అవతల మీరు ముక్కు చీదడం వినపడిందట. మర్నాడూ అంతే, సరిగ్గా ఏడుపు సీన్ దగ్గరే. మీ కిటికీ తెర మీద నీలం వెలుగు ఆడుతుంటుంది, సౌండు మాత్రం ఉండదు. 'పాపం, మేడమ్‌కి మాటలు లేవే' అంది నాతో. ఇంట్లోకి పిలవొచ్చు కదమ్మా అన్నాను. 'పిలిచా. పిలిస్తే రాదు. ఇలాగైతే రాకుండానే వస్తుంది' అంది."

"ఆమెకు చెముడు కదా..."

"చెముడా! మూడో వీధిలో ఐస్‌క్రీమ్ బండి గంట కొడితే చిల్లర తీసేది." మరివిక్ నవ్వబోయి ఏడ్చింది. "ఆసుపత్రిలో నాలిక తిరగడం లేదు. అయినా మంగళవారం మధ్యాహ్నం చెయ్యి పట్టుకుని, ఇంటికెళ్లి టీవీ పెట్టవే అని ఒకటే గోల. మతిపోయి అంటోందనుకున్నాను. వెళ్లలేదు."

గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఐదేళ్లు నేను దొంగిలించుకుంటున్నాననుకున్నదంతా ఆమె కావాలని నాకు పంపినదే. నేను ఒక్కసారీ "బావుంది" అనలేదు. గోడ మీద ఒక్క దెబ్బ కొట్టినా ఆమెకు తెలిసేది. అదీ కొట్టలేదు.

"మరివిక్, నీ నవల చింపాను, గుర్తుందా?"

"మర్చిపోతానా మేడమ్! ఇంక పది పేజీలే ఉన్నాయి. అది దొరకలేదు మళ్లీ."

"ఆ హీరోయిన్ ఓడ ఎక్కదు. చివరి నిమిషంలో దిగొచ్చేస్తుంది. చర్చి మెట్ల మీద వాడు వానలో తడుస్తూ ఉంటాడు. నేను ఇంటికి తీసుకెళ్లి, ముక్కలన్నీ అతికించి చదివాను. రెండుసార్లు."

నేను ముందుగదిలోకి నడిచాను. మూడూ ఇరవై ఎనిమిది. టీవీ మీది గుడ్డ తీసి, మడిచి, పక్కన పెట్టాను.

"మేడమ్, ఏం చేస్తున్నారు?" సంఘం ఆడవాళ్లలో ఒకావిడ కంగారుపడింది. "శవం ముందు టీవీయా?"

"ఇవాళ ఆఖరి భాగం" అన్నాను. "ఈమె చూడాలి. నేనూ చూడాలి. ఐదేళ్లుగా చూస్తున్నాను, చావు ప్రార్థనలున్న రోజు తప్ప మానలేదు. చెదపురుగులని మీకు చెప్పింది నేనే. ఆ రోజు కూడా ఇంటికెళ్లి చూశాను."

గుమ్మం దగ్గర పేకముక్కల చప్పుడు ఆగిపోయింది. "అయితే సౌండు పెంచండి మేడమ్, మాకూ వినపడాలి" అన్నాడు మాంగ్ ఇస్కో. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనీ.

మరివిక్ వచ్చి రిమోట్‌తో సౌండు పెంచింది, వాళ్లమ్మ పెట్టుకునేంత. నేను కుర్చీ లాక్కుని పేటిక మూతకున్న అద్దం పక్కన కూర్చున్నాను. ఆమెకు మంచి లేతనీలం గౌను తొడిగారు. చేతులు మొదటిసారి జిగురు లేకుండా ఉన్నాయి.

"ఇసడోరా రేవుకు వచ్చింది" అని మొదలుపెట్టాను. క్లాసులో పాఠం చెప్పే గొంతు ఒకటి నాకుంది, అదే వాడాను. "దీపం పట్టుకుంది. లియాండ్రో లేడు. ఎవరో వెనక నుంచి నోరు మూశారు. కారు. చీకటి. ఇనుప తలుపు, చుట్టూ గోతాలు..." లేచి నిలబడిపోయాను. "గోడౌన్! ఆలింగ్ బెబాంగ్, గోడౌనే! మీరన్నదే అయింది! తుపాకి కూడా, చూడండి, పినతల్లి చేతిలో తుపాకి!"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. దిండు అడ్డం పెట్టుకోలేదు. ప్రకటనలు రాగానే ఆమె వైపు వంగి, "రెండు నిమిషాలు, అటూ ఇటూ పోకండి" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆదివారం ఆమెను మట్టి చేశాం. సామాన్లు బండికెక్కించుకుని మరివిక్ బటంగాస్ వెళ్లిపోయింది. ఆ టీవీ నాకిస్తానంది, వద్దన్నాను.

సోమవారం మూడున్నరకు కొత్త సీరియల్ మొదలైంది. కిటికీ తెర తీసేశాను, తలుపు బార్లా తెరిచాను, ఐదేళ్ల తర్వాత నా టీవీ గొంతు విప్పింది. వీధి చివరిదాకా వినపడే ఉంటుంది. హీరో మొదటి సీనులోనే కారు కింద పడ్డాడు. "వీడికీ జ్ఞాపకశక్తి పోతుంది, రాసిపెట్టుకోండి" అన్నాను గోడతో. ప్రకటనలు వచ్చాయి. మంచినీళ్లకు లేవలేదు. సౌండు పూర్తిగా తగ్గించి, అవతల ఇళ్లలో ఎవరైనా ముక్కు చీదుతారేమోనని చెవి ఒగ్గి కూర్చున్నాను.