ఒకరు చాలన్నందుకు

వీధిలో అందరూ ఆమెను లాయరమ్మ అంటారు. నిజానికి ఆమె చదివింది వృక్షశాస్త్రం. కోర్టు మెట్లెక్కింది ఒకే ఒక్కసారి, అదీ వాన పడుతుంటే తలదాచుకోవడానికి. కానీ కూరగాయల తూకం మొదలు నీళ్ళ బిల్లు దాకా ఆమె నిలదీయని విషయం లేకపోవడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమె భర్తది కళ్ళజోళ్ళ దుకాణం. పదిమందికి చూపు సరిచేసే మనిషే గాని, తనకంటూ ఏదైనా అడగాల్సివస్తే ఆయన చూపు నేలకు అతుక్కుపోతుంది. భోజనాల దగ్గర ఎవరైనా రెండోసారి వడ్డించబోతే, ఆకలి ఉన్నా సరే, చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. ఆయన మర్యాద అలాంటిది. ఆ మర్యాదే ఈసారి కొంప ముంచింది.

ఇంట్లో పిల్లలు లేరు. కన్నవాళ్ళు చూసుకోలేని స్థితిలో ఉన్న పిల్లలను కొంతకాలం తమ ఇంట పెంచే ఫోస్టర్ తల్లిదండ్రులు కావాలని సంక్షేమ శాఖ వాళ్ళు అడుగుతున్నారని తెలిసి ఇద్దరూ వెళ్ళారు. అన్ని ప్రశ్నలూ అయ్యాక ఆఫీసరమ్మ, "ఎంతమందిని తీసుకోగలరు?" అంది. లాయరమ్మ నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి అడ్డం పెట్టేశాడు.

"ఒకరు చాలండీ."

ఇద్దరంటే ఆశపోతులనుకుంటారని ఆయన భయం. పిల్లల్ని కూడా వడ్డన లెక్కన చూసిన మనిషి లోకంలో ఆయనొక్కడే అయివుంటాడు.

సరే, ఒకరే వచ్చారు. ఎనిమిదేళ్ళ పిల్ల, బిగించి కట్టిన రెండు జడలు, చంకలో ఒక సంచి. మొదటిరోజు ఉదయం లాయరమ్మ ఉడికించిన గుడ్డు పెడితే, చెంచాతో సరిగ్గా మధ్యకు కోసి, ఒక సగం తిని రెండోది పళ్ళెం అంచుకు జరిపింది.

"అదెవరికమ్మా?"

"బుడంకాయకి."

"బుడంకాయెవరు?"

"మా తమ్ముడు." ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది పిల్ల. "వాడు ఎప్పుడొస్తాడు?"

లాయరమ్మ పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుని దుకాణానికి ఫోన్ చేసింది.

"తమ్ముడున్నాడట!"

"ఎవరికి?"

"మన పిల్లకి! ఒకరు చాలన్నారుగా మహానుభావా, కోసి సగం పంపించారు!"

ఆ రోజే ఆఫీసుకు వెళ్ళింది. ఆఫీసరమ్మ చెడ్డమనిషేం కాదు. మెల్లగా, నవ్వుతూ, నర్సు సూది గుచ్చేముందు మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

"చిన్నపిల్లల్ని అడిగేవాళ్ళు ఎక్కువండీ. బాబుకి నాలుగేళ్ళేగా, వెంటనే ఇల్లు దొరికేసింది. పైగా మీవారే ఒకరు చాలన్నారు."

"అన్నారు. తోడబుట్టినవాళ్ళు ఇద్దరున్నారని మీరు చెప్పారా?"

"మీరు అడగలేదు కదండీ."

లాయరమ్మ అక్కాతమ్ముళ్ళు కలుసుకునే రోజు రాయించుకుని మరీ ఇంటికి తిరిగొచ్చింది.

అక్కాతమ్ముళ్ళు కలుసుకోవడానికి ఆఫీసులోనే ఒక గది ఉంది. గోడకు రంగుల బెలూన్ల బొమ్మలు, మూలన చక్రాలూడిన కార్లు, కుర్చీలో ఆవలిస్తూ ఒక గుమస్తా. పిల్లవాణ్ణి పెంచుతున్నావిడ వాడిని వేలు పట్టుకుని తీసుకొచ్చింది. గొంతు దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కా, తడిపి దువ్విన తల. చూస్తే చిన్నసైజు బ్యాంకు మేనేజరులా ఉన్నాడు.

"బుడంకాయ్!" అంటూ లేచింది పిల్ల.

వాడు ఒక అడుగు ముందుకు వేశాడు. వేసి, ఆగి, తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఆ పేరుకి పలకొద్దని చెప్పాంగా నాన్నా," అందావిడ. "ఇప్పుడు నీ పేరేంటి? అక్కకి చెప్పు."

వాడు చేతులు కట్టుకుని, ఎవరిదో పద్యం అప్పజెప్పినట్టు ఒక పేరు చెప్పాడు. పిల్ల చాచిన చెయ్యి కిందకు దిగింది.

"అసలు పేరుకి ఏమైందండీ?" అంది లాయరమ్మ.

"మావారికి నచ్చలేదు. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళు మా పేరుండాలిగా."

కాసేపటికి వాడు కార్లు తోసుకుంటూ తోసుకుంటూ అక్క పక్కకు చేరాడు. చెవిలో గుసగుసగా అన్నది లాయరమ్మకు కూడా వినిపించింది. "నేను బుడంకాయనే. ఎవరికీ చెప్పకు."

సమయం అయిపోయిందని గుమస్తా లేవగానే వాడు అక్క గౌను పట్టుకుని గొంతు చించుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సివచ్చింది.

"చూశారా? కలిసినప్పుడల్లా ఇదే గోలండీ," అందావిడ ఆఫీసరమ్మతో. "ఈ కలవడాలు ఆపేస్తే కుదురుకుంటాడు."

ఆఫీసరమ్మ తల ఊపింది. "అదీ నిజమే. కొన్నాళ్ళు ఆపి చూద్దాం."

లాయరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆకలేసి ఏడుస్తుంటే అన్నం మాన్పించి చూస్తారా? ఏడుపు ఆపాలంటే అక్కనివ్వాలి గాని, అక్కని తీసేస్తారా?"

"మీరు ఉద్వేగంతో మాట్లాడుతున్నారండీ."

"అవునమ్మా. ఈ ఆఫీసులో ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలిగా! ఇద్దర్నీ నాకిచ్చేయండి."

"రూలు ఒప్పుకోదండీ. ఆడపిల్లకీ మగపిల్లాడికీ వేరే గదులుండాలి. పెద్దవాళ్ళ గదుల్లో పడుకోబెట్టకూడదు. మీకున్నవి మూడు గదులు. ఒకటి మీది, ఒకటి అత్తగారిది, ఒకటి పాపది. బాబుకెక్కడ?"

సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. పరాయి పిల్లలు మనకెందుకని మొదట్నుంచీ సణిగిన అత్తగారు అంతా విని, పేరు దగ్గరకు వచ్చేసరికి చేతికర్ర నేలకు కొట్టింది.

"పేరు మార్చారా? వాడేమన్నా కొట్టా, చేతులు మారితే బోర్డు మార్చడానికి? ఒరే, నా మంచం హాల్లో వెయ్యి!"

"మీరొద్దత్తయ్యా, మీకు మోకాళ్ళ నొప్పులు. మేం హాల్లో పడుకుంటాం."

ఆయన లేచి స్పానరు తెచ్చి డబుల్ కాట్ మరలు విప్పడం మొదలుపెట్టాడు.

ఇల్లు తనిఖీ చేయడానికి ఆఫీసరమ్మ వచ్చేసరికి దంపతుల గదిలో చిన్నమంచం ఒక్కటే ఉంది. కిటికీ గొళ్ళెం చూసింది. మందుల బీరువాకు తాళం ఉందో లేదో లాగి చూసింది. తర్వాత హాల్లో గోడకు చుట్టిపెట్టిన పరుపు దగ్గర ఆగింది.

"మరి మీరెక్కడ పడుకుంటారు?"

"ఇక్కడే."

"హాల్లోనా? పెద్దవాళ్ళు హాల్లో..."

"పడుకోకూడదని రూలుందాండీ?" అంది లాయరమ్మ అమాయకంగా.

ఆఫీసరమ్మ చేతిలోని రూల్సు పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పింది. పిల్లల పక్కదుప్పట్లకు కూడా రూలుంది గాని, పెంచేవాళ్ళు ఎక్కడ పడుకుంటే ఎవరికి పట్టింది?

"లేదనుకోండి. కానీ బాగుండదు."

"బాగుండకపోవడానికేమన్నా రూలుంటే చదువమ్మా, వింటాం," అంది అత్తగారు.

"అది కాదు పెద్దమ్మగారూ. బాబు అక్కడ అలవాటు పడుతున్నాడు. ఇప్పుడు తీసుకొస్తే మా పైవాళ్ళకి నేనేం చెప్పను?"

లాయరమ్మ నోరు తెరిచేలోపే, వెనకనుంచి భర్త గొంతు వినిపించింది. ఆయన నేలకేసి చూడటం లేదు.

"నేను చెప్పానని చెప్పండి. ఒకరు చాలన్నది నేనే, బుద్ధిలేక అన్నాను. మాకు ఇద్దరూ కావాలి. కుదరదంటే రేపట్నుంచి మీ ఆఫీసు గుమ్మం ముందే కొట్టు పెడతాను. లోపలికెళ్ళే ప్రతి ఒక్కరికీ కళ్ళు పరీక్ష చేసి పంపిస్తాను. అక్కాతమ్ముళ్ళు కలిపి కనిపిస్తున్నారా, విడివిడిగానా అని."

అత్తగారు కర్ర జారవిడిచింది. తన కొడుకేనా అన్నట్టు చూసింది. ఆఫీసరమ్మకు మాత్రం ఆయన హాస్యమాడుతున్నట్టు కనిపించలేదు. పైవాళ్ళతో మాట్లాడి చెప్తానంటూ లేచింది.

మాట్లాడింది. ఆవిడ నిజంగా చెడ్డమనిషి కాదు. పైవాళ్ళు ఒప్పుకున్నారు, కాకపోతే ఒక మెలిక పెట్టారు. కొన్నాళ్ళు చూస్తారట, పిల్లవాడు ఏడుపు మానకపోతే వెనక్కి తీసుకెళ్తారట. ఏడవకుండా పెరిగిన పిల్లలు ఆ ఆఫీసులో ఏ కుర్చీల్లో కూర్చున్నారో లాయరమ్మకు చూడాలనిపించింది.

బుడంకాయ తెల్లచొక్కాతోనే దిగాడు. రెండోరోజు సాయంత్రం ఆఫీసరమ్మ ఫోన్ చేసింది.

"బాబెలా ఉన్నాడండీ? ఏదో ఏడుపు వినిపిస్తోంది?"

"ఏడుస్తున్నాడండీ. పాప కూడా ఏడుస్తోంది. వాడు కొరికాడని అక్క, అక్క కొట్టిందని వాడు. కిటికీ పక్క కుర్చీ కోసం."

"అయ్యో! మరి ఏం చేద్దామంటారు?"

"మీరేం చెయ్యొద్దు. అక్కాతమ్ముళ్ళే అని రాసుకోండి. జుట్లు పట్టుకున్నారు, వెళ్ళి విడిపించాలి, ఉంటాను."

ఫోను పెట్టేసింది. కానీ అంత తొందరగా ఏమీ విడిపించలేదు. గుమ్మానికి ఆనుకుని ఎవరు గెలుస్తారా అని కాసేపు చూస్తూ నిలబడింది.