ముప్పై తగ్గించి చదవండి

నేను ఒక బీపీ మిషన్‌ని. చేతికి పట్టీ చుట్టి బొత్తాం నొక్కితే గాలి నింపుకుని, బిగించి, మెల్లగా వదిలి, ఒక అంకె చూపిస్తాను. అంతకుమించి నాకు ఏ విద్యా రాదు. అబద్ధం చెప్పడానికి కావలసిన భాగమేదీ నాలో అమర్చలేదు. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించిన అమ్మాయి నా వీపున ఒక చీటీ అంటించి డబ్బాలో పెట్టింది. దాన్ని నేను నా డిగ్రీ పట్టా అనుకున్నాను. విజయనగరం చేరాక దాని విలువ తెలిసింది.

నా మొదటి యజమాని సన్యాసిరావు గారు. సర్వే శాఖలో పొలాలకు గొలుసు పట్టి కొలిచి కొలిచి రిటైరైన మనిషి. కొలతల విషయంలో ఎవరినీ నమ్మరు. మొదటిరోజే నేను నూట అరవై చూపించాను. ఫోను తరంగాలు నాలో దూరుతున్నాయని ఆయన సెల్‌ఫోన్‌ని పక్కగదిలో పెట్టించి మళ్ళీ చూసుకున్నారు. నూట అరవై రెండు. బ్యాటరీలు పాతబడితే ఎక్కువ చూపిస్తానని కొత్తవి వేశారు. నూట అరవై. ఫ్రిజ్ గాలి సోకకుండా వరండాలోకి తీసుకెళ్ళారు. వరండాలోనూ ఆయన చెయ్యి ఆయనదే కాబట్టి అంకె మారలేదు.

మర్నాడు ఆయన స్నేహితుడు జగ్గారావు గారు తన ఇంట్లో, తన మిషన్ మీద చూసుకుంటే నూట ముప్పై వచ్చిందట. సన్యాసిరావు గారు కాగితం మీద తీసివేత వేసి, నాలో ముప్పై తేడా ఉందని తేల్చారు. నా డబ్బా మీద నల్ల ఇంకుతో ‘ముప్పై తగ్గించి చదవండి’ అని రాశారు. దస్తూరీ మాత్రం ముత్యాల కోవలా ఉంది.

ముప్పై తగ్గిస్తే ఆయనకు బీపీ లేదు. లేని జబ్బుకు మిషన్ ఎందుకని నన్ను అక్కగారికి ఇచ్చేశారు.

అక్కగారి పేరు వరహాలమ్మ. ఆవిడకు కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆవిడ ఏరిన బియ్యాన్ని కోడలు నీలవేణి వంటింట్లోకి తీసుకెళ్ళి, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ ఏరేది. చెవులు బాగానే ఉన్నాయి కాబట్టి వరహాలమ్మ గారికి ఆ నిశ్శబ్దం వినబడేది. ఆపరేషన్ అయిపోతే చాలని రోజూ దేవుడికి చెప్పుకునేవారు. కంటి ఆసుపత్రి వాళ్ళు తేదీ ఇచ్చారు. ఆరోజు బీపీ ఎక్కువ ఉంటే మాత్రం వెనక్కి పంపేస్తామన్నారు.

నేను రోజూ నూట డెబ్బైకి అటూ ఇటూ చూపించాను. నా అంకెలు ఆవిడకు కనబడవు. నీలవేణికి సర్వే శాఖ మీద గౌరవం ఉంది. అందుకని డబ్బా మీద రాసినట్టే తగ్గించి, “నూట నలభై, అత్తయ్యా” అని చెప్పేది. ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు.

ఆపరేషన్ రోజున ఆకుపచ్చ గౌను తొడిగి, కంట్లో చుక్కలు వేశాక, నర్సు బీపీ చూసింది. నూట ఎనభై. గౌను విప్పించి ఇంటికి పంపేశారు.

“ఆసుపత్రి మిషన్లంతే,” అన్నారు వరహాలమ్మ గారు. “అందరి చేతులకీ చుట్టి చుట్టి, ముందువాళ్ళ బీపీ అందులో ఉండిపోద్ది.”

“ఏసీ గది కదక్కా. చల్లదనానికి అంకెలు పైకి లేస్తాయి,” అన్నారు పరామర్శకు వచ్చిన సన్యాసిరావు గారు.

నీలవేణి ఆయనకు కాఫీ గ్లాసు అందిస్తూ, “మావయ్య గారూ, ఆ ముప్పై ఎలా వచ్చింది?” అని అడిగింది.

“సులువేనమ్మా. దీంట్లో నాకు నూట అరవై. వాడి మిషన్లో జగ్గారావుకి నూట ముప్పై. తీసేస్తే ఎంత?”

“జగ్గారావు గారి చేతికి దీన్ని చుట్టి చూశారా?”

“వాడికెందుకూ? వాడికి మిషనుంది కదా.”

“మీ ఇద్దరికీ ఒకే బీపీ ఉండాలని ఏముంది?”

“ఎందుకుండదు? ఒకే ఈడు, ఒకే ఆఫీసు, పొద్దున్నే ఒకే హోటల్లో ఇడ్లీ.”

నీలవేణి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు తోమే పీచు తెచ్చి నా డబ్బా మీది రాతను రుద్దింది. పోలేదు. మర్నాడు అత్తగారినీ నన్నూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన రబ్బరు బుడ్డి నొక్కే మిషన్‌తో చూస్తే నూట డెబ్బై ఆరు. ఐదు నిమిషాలాగి నాతో చూస్తే నూట డెబ్బై నాలుగు. “మీ మిషన్ బాగానే ఉందమ్మా,” అన్నారాయన. నాకు జరిగిన సన్మానం అదొక్కటే.

మాత్రలు రాసిచ్చారు. బయటికి రాగానే వరహాలమ్మ గారు, “మొదలెడితే జీవితాంతం మింగాలంట కదే!” అన్నారు.

“అన్నం కూడా జీవితాంతమే తింటున్నాం కదా, అత్తయ్యా.”

నెల తిరిగేసరికి నేను నూట ముప్పై ఆరు చూపించాను. ఎవరూ ఏమీ తగ్గించలేదు. కుడికంటికి ఆపరేషన్ అయింది.

ఆ తర్వాత ఒక ఉదయం సన్యాసిరావు గారు అక్కగారిని చూడడానికి వచ్చారు. ఆయన ఇంకా గుమ్మంలో ఉండగానే ఆవిడ నల్లద్దాలు తీసి పరీక్షగా చూశారు.

“ఏట్రా, మొహం అంత ఎర్రగా ఉంది? నీకూ బీపీయే.”

“ఎండలో వచ్చానక్కా.”

మొహం ఎరుపుకూ బీపీకీ సంబంధం లేదు. అదీ ఒక అపోహే. నాకు నోరు లేదు గానీ, ఉన్నా ఆరోజు విప్పేదాన్ని కాదు.

ఆవిడే ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ చుట్టారు. ఆవిడే బొత్తాం నొక్కారు. నేను బిగించి, వదిలాను. ఆవిడ నా మీదికి వంగి, ఒక్కొక్క అంకే కూడబలుక్కుంటూ చదివారు.

“నూట... అరవై... ఎనిమిది.”

“ముప్పై తీసెయ్యక్కా.”

“తీసేదేం లేదు. చెప్పులేసుకో.”

“ఎక్కడికి?”

“డాక్టరు పన్నెండింటి దాకా ఉంటాడు.”

ఆయన సాయం కోసం నీలవేణి వైపు చూశారు. ఆమె పొయ్యి కట్టేసి తాళంచెవులు తీసుకుంటోంది. ఇక చేసేది లేక సన్యాసిరావు గారు గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చారు. కంగారులో ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నారు.

వరహాలమ్మ గారు అదీ చూశారు.