సర్కారు తుమ్మ అక్షరాలు

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. నాన్న ఇస్రాయేలు, అమ్మ స్వరూప, నానమ్మ ఎస్తేరమ్మ, అన్న స్నేహితుడు దేవరాజు, నేను. అన్న ప్రశాంత్ హైదరాబాదు దవాఖానలో జ్వరంతో చనిపోయి నలభై రోజులు. సాయంత్రం ప్రార్థన తర్వాత సమాధి మీద సిలువ నిలబెట్టాలి. తెల్ల రంగు వేసిన సిమెంటు సిలువ వాకిట్లో గోడకు ఆనించి ఉంది. దాని మీద ఇంకా పేరు లేదు.

నాన్న బోర్డులు రాస్తాడు. మా ఊరు కోడేరులో దుకాణాల మీద, మా సమాధుల తోటలో సిలువల మీద పేర్లన్నీ ఆయన చేతివే. అన్న పేరు దగ్గర మాత్రం పది రోజులుగా గీత కొట్టడం, తుడిచేయడం. ఆ రోజు కూడా బ్రష్షు కింద పెట్టి, "జర ఆగి రాస్త" అని పాస్టరుగారిని పిలవడానికి వెళ్లాడు.

దేవరాజు మా అన్న బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. వాళ్లది హెవీ మెటల్, బ్యాండు పేరు సర్కారు తుమ్మ. దాని లోగో గీసింది నేనేనని అన్నకూ దేవరాజుకూ తప్ప ఎవరికీ తెలియదు. హైదరాబాదులో అన్న గదిలో దొరికిన నా లోగోల నోటుబుక్కు దేవరాజు తెచ్చిచ్చాడు.

మొదటి పేజీలోది నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటిది. అన్న ఫోనులో పాత బ్యాండ్ల లోగోలు చూపిస్తే అలాగే గీశాను. అక్షరాలు లావుగా, నిటారుగా, చివర్లు కొడవలి మొనల్లా. ఎవరైనా చదవగలరు. తర్వాతి దాంట్లో మొదటి అక్షరం, చివరి అక్షరం రెక్కల్లా కిందికి సాగాయి. మన అక్షరాలు గుండ్రం, వాటికి ముళ్లు మొలవవని నేనంటే, "తలకట్టు పట్టి గుంజవే రోజా, అదే వస్తది" అన్నాడు అన్న. చివరి పేజీలో ఉన్నదంతా రెండు వైపులా ఒకేలా పెరిగిన కంప. తెలిసినవాళ్లకే అందులో పేరు కనబడుతుంది.

అది అన్న టీషర్టు మీద నాన్న ఒకసారి చూశాడు.

"బస్సుల పోయెటోడు కిటికీలకెళ్లి సదవాలెరా. గిదేంది, కోడి గెలికినట్టు?"

"సదవొస్తే మేం ఫెయిలైనట్టే నాయినా."

"గట్లైతే ఫస్టు క్లాసుల పాసైండ్రు పో!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

"సిలువ మీద వాని పేరు గిట్లనే రాస్తే మంచిగుంటుండె చెల్లె," అన్నాడు దేవరాజు, నోటుబుక్కు చివరి పేజీ చూస్తూ.

నాన్నను అడగడానికి నాకు నోరు రాదు. అడగకుండానే బ్రష్షు తీశాను. అన్న తన అక్షరాల కిందే పడుకోవాలి, అంతే అనుకున్నాను. రెండు గంటలు పట్టింది.

నానమ్మ వచ్చి చూసింది. ఆమెకు చదువు రాదు. "ప్రభువు ముండ్ల కిరీటమా బిడ్డా? మంచిగేసినవ్" అని తాకబోయింది. తడిగా ఉందని ఆపాను.

నాన్న వచ్చి సిలువ ముందు ఆగాడు. తర్వాత వాకిలి చివరిదాకా వెనక్కి నడిచి అక్కడి నుంచి చూశాడు. బోర్డు రాశాక ఎప్పుడూ అలాగే చూస్తాడు.

"పేరు యాడుంది?"

"గిది ప్ర, నాయినా. గిది శా." వేలు పెట్టి చూపించాను.

"మల్ల సూపియ్యి."

మళ్లీ చూపించాను. ఆయన పెదవులు కదిలి, మధ్యలో ఆగిపోయాయి.

"ఊరోళ్లందరి పేర్లు రాసిన," అన్నాడు. "నా కొడుకు పేరు నాకు సదవొస్తలేదు."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తెల్ల రంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. నేను పూశాను. ఆరని నలుపు తెలుపులో కలిసి సిలువంతా బూడిద రంగైంది. పాస్టరుగారు రావడానికి ఇంకా గంటే ఉంది.

బ్రష్షు కడిగి, నాన్న చేతికిద్దామని వెళ్లి ఆయన గది గడప మీద నిలబడ్డాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నాయినా, నువ్వే రాయి. అందరికి సదవొచ్చేటట్టు."

లేచి వచ్చాడు. బ్రష్షు అందుకోలేదు, నల్లబడ్డ నా వేళ్లను చూశాడు. నేను గడప మీద ఉండగానే తలుపు వేసుకున్నాడు.