నెవేన మూడో చరణం

శనివారం పొద్దున రొట్టె కోసం బయల్దేరిన నెవేనకు కరెంటు స్తంభం మీద తన మొహమే కనిపించింది. నల్ల అంచు కాగితం. మధ్యలో ఫోటో, అది కూడా గుర్తింపు కార్డు కోసం జలుబుతో దిగినది. కింద అక్షరాలు: "నెవేన స్తోయ్‌కొవా. అరవై ఏళ్ల పాట. ఎన్నటికీ మరువలేం. శనివారం మూడు గంటలకు పఠన మందిరం హాలులో." ఒక పక్కన పోయిన నెలలో పోయిన రైల్వే గార్డు, ఇంకో పక్కన పోయి తొమ్మిదేళ్లయినా ఏటేటా అతికిస్తున్న పళ్ల డాక్టరు.

డాన్యూబ్ ఒడ్డున ఈ లోమ్ ఊళ్లో స్తంభం మీద నల్ల అంచులో ఎక్కారంటే ఇంక మాట్లాడేదేమీ ఉండదు. జనం చదువుతారు, నిట్టూరుస్తారు, పోయినవాళ్ల పేరిట పంచడానికి గోధుమలు ఉడకబెట్టుకుంటారు.

నెవేన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. వెనకాల గిన్నె కిందపడ్డ చప్పుడైంది. పక్కింటి దొన్కా.

"అక్కా, నువ్వు పోయావు కదే," అంది దొన్కా, గిన్నె తీసుకోవడానికి కూడా వంగకుండా.

"నాకెవరూ చెప్పలేదే."

"రాత్రంతా కూర్చుని నీ గోధుమలు ఉడకబెట్టాను. పంచదార కలిపాను. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"అక్రోటు వేశావా?"

"కొంచెం."

"నేను చచ్చినా నీ పిసినారితనం చావలేదన్నమాట. పద, ఆ స్పాస్ గాడి పని చూద్దాం."

స్పాస్ పఠన మందిరం కార్యదర్శి. మంచివాడు. మంచివాళ్లే ఇలాంటివి చేస్తారు. అరవై ఏళ్లుగా పాటలు రాస్తున్న నెవేనకు సన్మానం చేద్దామని మూడు నెలల నుంచి తిరుగుతున్నాడు. ఊళ్లో కాగితాలు అచ్చువేసేది ఒక్కడే, శవపేటికలు అమ్మేవాడు. వాడి దగ్గర ఉన్న నమూనా ఒక్కటే.

"అంచు తీసెయ్యమన్నాను పిన్నీ," అన్నాడు స్పాస్ చెమట తుడుచుకుంటూ. "అంచు లేకపోతే జనం చూడరన్నాడు. నేను ఎక్కడా పోయారని రాయలేదు, చూడండి కావాలంటే. ఇప్పుడే ఊరంతా తిరిగి చింపించేస్తాను. ఒక్క గంట ఇవ్వండి. లాచెజార్ గారికి కూడా ఫోన్ చేసి చెప్తాను."

నెవేన కుర్చీలో కూర్చుంది. "లాచెజార్ వస్తున్నాడా?"

"ఆహ్వానంగా ఈ కాగితమే పంపాను. సోఫియా నుంచి బయల్దేరారు. ఏడుస్తూ ఫోన్ చేశారు."

లాచెజార్ సంగతి చెప్పాలి. నెవేన రాసిన రేవు పాట పాడి పేరు తెచ్చుకున్న గాయకుడు వాడు. ఆ పాట పాడని పెళ్లి లేదు, ఆ పాటకి ఏడవని ముసలాడు లేడు. రేడియోలో పాడినవాడి పేరు చెప్తారు, బాణీ కట్టినవాడి పేరు చెప్తారు, ఒక్కోసారి డోలు కొట్టినవాడి పేరు కూడా చెప్తారు. రాసిన మనిషి పేరు మాత్రం చెప్పరు. మాటలు వాటంతటవే చెట్టుకి కాసినట్టు. సరే, దాన్ని నెవేన ఎలాగో మింగింది. మింగలేనిది మూడో చరణం. మొదటి రెండు చరణాల్లో పిల్ల డాన్యూబ్ రేవులో నిలబడి ప్రియుడి కోసం ఎదురు చూస్తుంది. మూడో చరణంలో ఇంక చాల్లే అనుకుని తనే పడవెక్కి వెళ్లిపోతుంది. రికార్డు చేసిన రోజున లాచెజార్ ఆ చరణం కోసేశాడు. ఆడపిల్ల ఎదురు చూస్తేనే జనం ఏడుస్తారన్నాడు. యాభై రెండేళ్లుగా ఆ పిల్ల రేవులోనే నిలబడి ఉంది. ఎన్నిసార్లు సభకి పిలిచినా లాచెజార్ రాలేదు. వస్తే చరణం పాడమంటుందని భయం.

"చింపొద్దు," అంది నెవేన.

"పిన్నీ?"

"బతికున్నదాని కోసం వాడు రాడు. సభ అయ్యేదాకా నేను లేను. కాగితం, కలం ఇలా ఇయ్యి. పోయినదాని ఆఖరి కోరిక పదిమందిలో కాదనే మగాడు మన దేశంలో ఇంకా పుట్టలేదు."

మూడింటికి హాలు కిక్కిరిసింది. కిందటి సంవత్సరం కవి సమ్మేళనానికి పదకొండు మంది వచ్చారు, అందులో ఇద్దరు వాన నుంచి తప్పించుకోవడానికి. ఇప్పుడు కిటికీల్లో కూడా మనుషులే. నెవేన తెర వెనకాల నాటకాల రాజుగారి సింహాసనం మీద కూర్చుని తన గోధుమలు తనే చెంచాతో తింటోంది. పూలన్నీ జతల లెక్కన తెచ్చారు, పోయినవాళ్లకి తెచ్చినట్టే. బతికున్నవాళ్లకి బేసి లెక్క గనక చేతికందిన ప్రతి గుత్తిలోంచీ ఒక్కో పువ్వు పీకి పక్కన పడేస్తోంది. ఒక నిమిషం మౌనం పాటించమన్నప్పుడు ఆమెకు తుమ్మొచ్చింది. స్పాస్ పెద్దగా దగ్గి కప్పెట్టాడు.

లాచెజార్ రెండు చరణాలూ పాడాడు. హాలంతా ముక్కు చీదింది. వాడు తల వంచి దిగబోతుంటే స్పాస్ కాగితం అందించాడు. "నెవేన గారి కోరిక. ఇది కూడా పాడాలి."

లాచెజార్ చూసి మొహం ముడుచుకున్నాడు. "ఇది పాటని చెడగొడుతుందయ్యా."

"పాపం, అడిగింది కదా, పాడవయ్యా," అంది ముందు వరుసలోంచి దొన్కా. నల్ల గుడ్డలు కట్టుకున్న అందరి కళ్లూ వాడి మీదే. పాడక చస్తాడా.

"పడవ కదిలింది, పొగ లేచింది,
నువ్వొచ్చేసరికి నేను అవతలి ఒడ్డు.
టోపీ ఊపకు, చెయ్యి నొప్పి పుడుతుంది,
ఇకనుంచి ఎదురు చూడ్డం నీ వంతు."

ముందు ఎవరో ముసలమ్మ కిసుక్కుమంది. దొన్కా నోటికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. ఇంక ఆడవాళ్లంతా పగలబడ్డారు. సంతాప సభలో అంత నవ్వు ఆ ఊరు ఎరగదు. "ఇంకోసారి పాడు," అన్నారు. లాచెజార్ పాడాడు. మళ్లీ పాడమన్నారు.

నెవేన తెర పక్కకి లాగి బయటికొచ్చింది. లాచెజార్ మైకు స్తంభాన్ని పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"నువ్వు... బతికే ఉన్నావా?"

"ఇందాకటి వరకు లేను. శ్రుతి పైకి పోయింది నీది, కొంచెం దింపి పాడు."

నాలుగోసారి లాచెజార్ పాడనక్కర్లేకపోయింది. ఆడవాళ్లే లేచి, గోధుమల గిన్నెలు చంకన పెట్టుకుని, ఆ నాలుగు పంక్తులే పాడుకుంటూ వీధిలోకి నడిచారు. రొట్టెల కొట్టు దగ్గర మళ్లీ అవే. నది ఒడ్డు దాకా మళ్లీ మళ్లీ అవే. ఎదురు చూసే పిల్ల ఊసే ఎవరూ ఎత్తలేదు.

నెవేన మెట్ల మీద నిలబడి కాసేపు ఆనందంగా విన్నది. తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ వాళ్ల వెంటపడింది.

"ఆగండే, ఆ ముందు రెండు చరణాలు ఎక్కడ పారేశారు? అవి కూడా నేను రాసినవేనే."