స్తంభం వచ్చింది, వాకిలి పోయింది

తాండూరులో మా వీధికి మొదటి టెలిఫోన్ మా ఇంటికే రావాలి. రాలేదు. మా ఆయనకు శాస్త్రం తెలుసు కాబట్టి రాలేదు.

ఫోన్ ఆలోచన మా అరుణ వల్ల పుట్టింది. పిల్లను వికారాబాదులో ఇచ్చాం. ఒకసారి దానికి జ్వరం వచ్చిందన్న ఉత్తరం, తగ్గిందన్న ఉత్తరం ఒకే రోజు చేరాయి. కందుల వ్యాపారి మా ఆయన రాజేశం తగ్గిందన్నది ముందు విప్పి, "జ్వరం ఎప్పుడొచ్చిందే?" అని నా మీద ఎగిరాడు. ఆ సాయంత్రమే దరఖాస్తు రాశాడు. అరుణ అత్తగారింట్లో అప్పటికే ఫోన్ ఉంది.

రెండేళ్లు పోయాయి. 1963లో అరుణకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు మా ఇంట్లోనే జరగాలి కానీ, డాక్టరు రైలెక్కొద్దన్నాడు. వియ్యాలవారింట్లో రోజుల తరబడి కూర్చోవడం మాలో లేదు. చూసి వచ్చేస్తుంటే పిల్ల నా చెయ్యి వదల్లేదు.

"అమ్మా, నొప్పులొచ్చినంక ఆస్పత్రికి పోయే ముందు ఫోన్ చేస్త. ఒక్కసారి నీ గొంతు వింటే చాలు, నా భయం పోతది."

ఇంకేం, మనకూ ఫోన్ వస్తోంది బిడ్డా అని మాటిచ్చాను.

వచ్చింది, ముందుగా స్తంభం. వీధికి అవతల, సరిగ్గా మా వాకిలికి ఎదురుగా పాతారు. నాకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. మా ఆయన మాత్రం వాస్తు చూసే అనంతయ్యను పిలుచుకొచ్చాడు. ఆయన మా గడప మీద నిలబడి ఒక కన్ను మూసి చూశాడు.

"ద్వారానికి ఎదురుగ స్తంభం! ద్వారవేధ సేటూ. ఇంటికి మంచిది గాదు."

మా ఆయన వైరు వాళ్లకు చాయ్ తాగించాడు, బతిమాలాడు. స్తంభం కదలదన్నారు.

"అది కదలకుంటే మన వాకిలే కదుల్తది" అన్నాడు ఇంటికొచ్చి.

"గా స్తంభం మన ఫోన్ కోసమే గదా వచ్చింది? జర ఆలోచన చెయ్యుండ్రి" అన్నాను.

"నీకు తెల్వదు. బిడ్డ కాన్పు ముందట పెట్టుకొని వేధ ఉంచుకుంటమా?"

బిడ్డ మాటెత్తితే ఇంక నేనేమంటాను? తాపీ మేస్త్రీ మొగులప్ప నాలుగు రోజుల్లో తలుపు ఊడదీసి, రాయి పేర్చి, పైన సున్నం కొట్టేశాడు. వెనక గల్లీలోకి కొత్త వాకిలి పెట్టాడు. మా ఆయన చాలా రోజులకు గురక పెట్టి నిద్రపోయాడు.

పది రోజులకు ఇన్‌స్పెక్టర్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. కాగితంలో ఉన్న చోట ఆయనకు గోడ కనిపించింది. నేను వెనకాల మిరపకాయలు ఎండబోస్తున్నాను. ఎదురింటి కిరాణా బుచ్చయ్యను అడిగాడట. బుచ్చయ్య అబద్ధమాడే మనిషి కాదు.

"వాకిలి మూసేసిండ్రు సార్" అన్నాడు.

ఆయన 'ఇల్లు మూసి ఉన్నది' అని రాసుకున్నాడు. వరసలో తర్వాతి దరఖాస్తు బుచ్చయ్యదే. మేం పెట్టామని పోటీకి పెట్టింది. ఫోన్ అక్కడ దిగింది. స్తంభం వాళ్లింటి మూలకుంది కనక వాళ్లకు ఏ వేధా లేదట!

చేసేది లేక బుచ్చయ్య నంబరే అరుణకు రాసి పంపాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆ ఫోన్ మోగడం మా గోడలోంచి వినిపించింది. వెంటనే బుచ్చయ్య భార్య సావిత్రమ్మ కేక వేసింది.

"కస్తూరక్కా! ఫోన్ల అరుణ! జల్ది ఉరుకు!"

ఉరికాను. అలవాటు కొద్దీ ముందరి వాకిలికే ఉరికాను. చేతులు సున్నం గోడకు తగిలాయి. వెనక్కి తిరిగి, గల్లీలో పడి, పప్పు మిల్లు చుట్టూ తిరిగి, కందుల బండి అడ్డముంటే దాని కింద నుంచి దూరి, వాళ్లింటికి చేరేసరికి నా ఊపిరి నాకే అందలేదు. ఫోన్ చెవికి పెట్టుకుంటే అరుణ కాదు, ఎక్స్ఛేంజీలో లైను కలిపే ఆయన గొంతు.

"మూడు నిమిషాలు అయినయమ్మా, లైను తీసేస్తున్న."

"ఏమన్నది?" అని సావిత్రమ్మను అడిగాను.

"అమ్మ ఎంత దూరంల ఉన్నదని అడిగింది. గోడ అవతల్నే ఉన్నది బిడ్డా, వస్తున్నది అన్న. శానసేపు చూసింది అక్కా. జీపు వచ్చిందని పోయింది."

నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఏడ్చాను కూడా.

దొరికిన రైలెక్కి ఇద్దరం పోయేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. మా ఆయన మనవరాలిని ఎత్తుకుని వెలిగిపోయాడు.

"చూసినవా? వేధ తీసేసినం, సుఖంగ కాన్పయింది" అన్నాడు.

అరుణ ఆయన మాట వినలేదు. నన్నే చూస్తోంది.

"గోడ అవతల్నే ఉంటివట గదమ్మా. మరెందుకు రాలె?"

శాస్త్రం తెలిసినాయన చెప్తాడేమోనని అటు చూశాను. ఆయన పాపను నా చేతుల్లో పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు తాండూరులో రైలు దిగాక నాతో ఇంటికి రాలేదు. నేరుగా మేస్త్రీ మొగులప్ప ఇంటికి పోయాడు.