సిగ్నల్ పోయిందట

నేను ఒక రిమోటుని. అలా పిలిస్తే నన్ను కొన్న పెద్దమనుషులకి కోపం. ట్రాన్స్‌మిటర్ అనాలట. పిల్లలు ఆడుకునే బొమ్మ కారుకి ఉండేది రిమోటు. యాభై దాటిన మగవాళ్ళు ఆడుకునే బొమ్మ కారుకి ఉండేది ట్రాన్స్‌మిటర్. వాళ్ళ పరువు కాపాడడానికి ఒక పొడుగాటి ఇంగ్లీషు మాట కావలసి వచ్చింది. నాకైతే ఏ పేరైనా ఒకటే.

నాకు తుపాకీ పిడి లాంటి పిడి ఉంది. పక్కన స్పాంజి తొడిగిన చిన్న చక్రం, చూపుడువేలికి అందేలా ఒక ట్రిగ్గరు. చక్రం తిప్పితే కారు మలుపు తిరుగుతుంది. ట్రిగ్గరు లాగితే పరిగెడుతుంది, ముందుకి నెడితే ఆగుతుంది. అంతకు మించి నాలో ఏమీ లేదు. ఈ మాత్రం పని సరిగ్గా నేర్చుకోవడానికి మనిషికి ఏళ్ళు పడుతుంది. కొందరికి అదీ చాలదు.

సముద్రం అవతల ఏదో ఊళ్ళో, కరిగిన ప్లాస్టిక్కుని అచ్చులో పోస్తే పుట్టాను. నన్ను బిగించినావిడ నా వంక చూడనైనా లేదు. ఆవిడ చూపంతా గోడ గడియారం మీదే. అయినా ప్రతి మరా సరిగ్గా బిగించింది. ఆ తర్వాత నేను చూసిన మనుషులు పని మీద కళ్ళప్పగించి మరీ దాన్ని పాడుచేశారు కనుక, ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఆ గౌరవం దక్కినవాళ్ళు ఇంకెవరూ లేరనే చెప్పాలి.

కాకినాడలో మెయిన్ రోడ్డు పక్క సందులో నూకరాజు కొట్టు. బొమ్మ కార్లు, వాటి టైర్లు, మోటార్లు, బ్యాటరీలు అమ్ముతాడు. అక్కడి అద్దాల బీరువాలో నా పక్కనే రంగుల తెర ఉన్న ఖరీదైన రిమోటు ఒకటి ఉండేది. వచ్చిన ప్రతివాడూ ముందు దాన్నే చేతిలోకి తీసుకునేవాడు. తెరలో అంకెలు మెరుస్తుంటే కళ్ళు పెద్దవి చేసుకుని చూసేవాడు. ఆ అంకెల్లో సగం ఎందుకో వాళ్ళకి తెలీదు. తెలియని విషయం ఎంత మెరిస్తే అంత గొప్పదని మనుషుల లెక్క.

ఒక సాయంత్రం గ్రంధి రామలింగేశ్వరరావు భార్యతో కలిసి వచ్చాడు. స్టీలు సామాన్ల టోకు వ్యాపారి. బజార్లో ఆయన గొంతు లేస్తే గుమాస్తాలు తలలు దించుకుంటారట. ఆయన అప్పటికే రెండు ట్రాన్స్‌మిటర్లు పగలగొట్టుకున్నాడు. చేతిలోంచి జారిపడ్డాయని నూకరాజుతో చెప్పాడు. వెనకాల నిలబడ్డ భార్య విశాలాక్షి ఆ మాట వినగానే తలెత్తి సీలింగ్ ఫ్యాను వంక చూసింది. నూకరాజు ఆవిడ ముఖం చూశాడు. జారిపడడం ఎలాంటిదో అర్థమైపోయింది.

ఈసారి గట్టిదీ కావాలి, ధర మరీ ఎక్కువా ఉండకూడదు అన్నాడు రావు. చేతులు మాత్రం రంగుల తెర వైపే పోతున్నాయి.

“తెర చూసి కొనకండి రావుగారూ,” అన్నాడు నూకరాజు. “కింద పడితే ముందు పోయేది అదే. దీనికైతే తెర లేదు, పగలడానికేం లేదు. మామూలు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తాదండి, ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి. ట్రిగ్గరు స్ప్రింగు పోతే నా దగ్గరుంది, మార్చేస్తాను. ఇంకోటండి, సిగ్నల్ అందకపోతే కారు దానంతటదే బ్రేకు వేసుకుని ఆగిపోద్ది. ఆ ఏర్పాటు లేనిది ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.”

అని నన్ను బల్ల మీంచి కింద పడేశాడు. గచ్చు మీద ఎగిరి పడ్డాను. ఏమీ కాలేదు. అమ్మకం కోసం నన్ను అవమానించాడు కానీ, చెప్పినవన్నీ నిజమే. ఆ తర్వాత చాలాకాలం నా గురించి నిజం మాట్లాడినవాడు ఇంకొకడు లేడు.

ఆదివారాలు సామర్లకోట రోడ్డు మీద అమ్ముడుపోని ఒక లేఅవుట్లో పందేలు జరిగేవి. ఇళ్ళు లేవు, హద్దురాళ్ళూ గడ్డీ తప్ప. అక్కడ మట్టిని చదునుచేసి, పాత టైర్లు పాతి, మెలికలు తిరిగే దారి ఒకటి వేసుకున్నారు. పళ్ళ డాక్టరు ఫిలిప్ గారు, ఇద్దరు కాంట్రాక్టర్లు, ఒక లెక్చరరు, ఇలా కొంతమంది సిమెంటు దిమ్మ మీద వరసగా నిలబడి కార్లు తోలేవారు. ఊళ్ళో ఒకరి పళ్ళు ఒకరు చూసేవాళ్ళు, ఒకరి బిల్లులు ఒకరు దాటించేవాళ్ళు. ఇక్కడ మాత్రం బద్ధశత్రువులు. కారు ఓడితే బ్యాటరీది తప్పు, మట్టిది తప్పు, ఎండది తప్పు. తోలినవాడిది ఏనాడూ కాదు.

రావు ఓడినప్పుడల్లా నన్ను విసిరేసేవాడు. మొదటిసారి హద్దురాయికి తగిలాను. అంచున గీత పడింది, అంతే. ఆయన వచ్చి నన్ను తీసి, దులిపి, ట్రిగ్గరు లాగి చూసి, గట్టి సరుకని అందరికీ వినబడేలా మెచ్చుకున్నాడు. తన్ని, తట్టుకున్నందుకు మెచ్చుకోవడం! ఇంట్లో కూడా ఆయన మెప్పు ఇలాగే ఉండేదని విశాలాక్షి ముఖం చూస్తే తెలిసేది. ఆవిడ ప్రతివారం ఫ్లాస్కులో టీ తెచ్చి, ఆయన ఎడంపక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది.

ఎంత విసిరినా నాకు ఏమీ కాకపోవడం చూసి మిగతావాళ్ళలో సగం మంది నాలాంటివే కొనుక్కున్నారు. నూకరాజు కొట్టు కాస్త కళకళలాడింది. ఆ సంతోషంలో అతను పందేలకి వచ్చి మార్షల్‌గా నిలబడేవాడు. అంటే మలుపు దగ్గర కాపు కాసి, తిరగబడ్డ కార్లని లేపి నిలబెట్టడం. దుమ్ము తినే పని కనుక సభ్యులెవరికీ అది పడేది కాదు.

ఆ ఆదివారం రావు ముందున్నాడు. చివరి మలుపులో డాక్టరు గారి కారు వచ్చి తగిలింది. రెండూ తిరగబడ్డాయి. నూకరాజు పరిగెత్తుకొచ్చి దగ్గరున్నదాన్ని ముందు లేపాడు. అది డాక్టరుది. ఆ తర్వాతే రావు కారు లేపాడు. రావు చెయ్యి బిగుసుకోవడం నా పిడికి తెలిసింది. నూకరాజు ఇంకా దారిలోనే ఉన్నాడు, నడుము ఎత్తలేదు. పక్కకి తిప్పి పోతే డాక్టరు కారు దాటిపోతుంది. రావు చక్రం తిప్పలేదు. ట్రిగ్గరు చివరిదాకా లాగాడు. ఆ మనిషి తనే తప్పుకుంటాడనుకున్నాడు. తనకి ఎదురైనవాళ్ళందరూ తప్పుకోవడమే ఆయనకి అలవాటు.

చిన్న కారే అయినా బరువుంది, వేగముంది. చీలమండ దగ్గర తగిలింది. నూకరాజు కూలబడిపోయాడు. కాలు అలా వంకరగా ఉండకూడదని చూసిన ప్రతివాడికీ తెలిసింది.

అందరూ పరిగెత్తారు. రావు దిమ్మ మీదే నిలబడి, ట్రిగ్గరు మీంచి అప్పుడు తీశాడు వేలు.

“సిగ్నల్ పోయింది,” అన్నాడు. “బ్రేకు కూడా పడలేదు. నేను వదిలేశాను, అదే పోయింది.”

నాకు నోరు లేదు. ఉంటే ఏమనేదాన్నో ఇక్కడ రాయడం బాగుండదు. సిగ్నల్ పోలేదు. ఆ వేలు ఎంత చెబితే అంతా, ఒక్క రవ్వ తగ్గకుండా, కారుకి అందించాను. నా జన్మలో చేసిన నికార్సయిన పనికి నాకే నింద పడింది.

అంతకన్నా నాకు రోత పుట్టించింది నూకరాజు. నేల మీద పడి, నొప్పికి పళ్ళు బిగపట్టుకుని, క్షమించండి అన్నాడు. నా సరుకేనండి, నేనే ఇచ్చాను అన్నాడు. కొట్టినవాడు అబద్ధమాడితే, దెబ్బ తిన్నవాడు దాన్ని దేవుడి మాటలా నమ్మాడు. విశాలాక్షి ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ కుర్చీ ఆ వేలికి మూరెడు దూరం.

ఆ వారంలోనే డాక్టరు గారు తన రిమోటుని తిరిగి పంపేశారు. మిగతావాళ్ళూ అదే దారి. ఎవరికీ ఏ తేడా కనబడలేదు, ఎవరి కారూ ఎప్పుడూ చెయ్యి దాటి పోలేదు. అయినా భయం. తమ కళ్ళు చూసినదాని కంటే రావు గొంతు వాళ్ళకి పెద్ద సాక్ష్యం. చవకరకం కొంటే ఇంతేనని, కొన్నవాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు. నూకరాజు దగ్గర కొంటే కాళ్ళు విరుగుతాయని ఊళ్ళో వేళాకోళం కూడా మొదలైంది. కొట్టుకి రాకపోకలు పలచబడ్డాయి.

కొన్నాళ్ళకి రావు పరామర్శకి బయలుదేరాడు. బత్తాయిలు కొన్నాడు. నన్ను సంచిలో వేసుకున్నాడు, తిరిగిచ్చెయ్యడానికి. డబ్బు వెనక్కి అక్కర్లేదని దారిలో భార్యతో రెండుసార్లు చెప్పాడు. తన దొడ్డమనసు ఆవిడ గమనించలేదేమోనని బెంగ కాబోలు.

నూకరాజు కొట్టు వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. కాలికి పిండికట్టు. మంచం పక్క గంపలో వెనక్కి వచ్చిన రిమోట్లు, నా తోబుట్టువులు. రావు నన్ను తీసి ఆ గంపలో పడేశాడు. ఉన్న ఒక్క కుర్చీలో తను కూర్చుని, సరుకు తెచ్చేముందు చూసుకోవాలయ్యా అంటూ నీతులు చెప్పాడు. నూకరాజు అన్నిటికీ తలూపాడు. ఒక్కొక్కటీ విప్పి చూశానన్నాడు. భార్య సత్తెమ్మకి రిమోటు ఇచ్చి సందు చివరిదాకా పంపి, అక్కడ స్విచ్చి ఆపించాడట. కారు ప్రతిసారీ బుద్ధిగా ఆగిందట.

“దోషం దొరికితే బాగుచేసేద్దునండి,” అన్నాడు. “దొరకట్లేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. రేపు ఏ పిల్లోడికో తగిల్తే ఏం చెప్పాలి నేను? కొట్టు మూసేద్దామనుకుంటన్నాను.”

గుమ్మం దగ్గర నిలబడ్డ విశాలాక్షి లోపలికి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు.

“అందులో దోషం లేదు నూకరాజు గారూ. సిగ్నల్ పోలేదు. ఈయన వేలు తియ్యలేదు. నేను చూశాను.”

సత్తెమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఎండ కళ్ళలో పడిందని రావు ఏదో మొదలుపెట్టాడు. “ఆ సాయంత్రం ఎండ మన వీపు మీద ఉందండీ,” అంది ఆవిడ, మామూలుగా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు. ఆయన లేచి వెళ్ళి బయట స్కూటరు దగ్గర నిలబడ్డాడు.

నూకరాజుకి కోపం వస్తుందనుకున్నాను. ముందు వచ్చింది ఊపిరి. గంపలోంచి నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుని, బుగ్గలు తడిసేదాకా నవ్వాడు. కోపం తర్వాత, నెమ్మదిగా వచ్చింది. ఆదివారం అందరిముందూ నేనే చెప్తానంది విశాలాక్షి. వద్దన్నాడు. మీరు చెప్తే మొగుడూపెళ్ళాల తగువని నవ్వేసి ఊరుకుంటారు, చెప్పాల్సింది ఆయనే అన్నాడు.

రావు ఒక రోజు ఒంటరిగా వచ్చాడు. కొట్లో ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసుకుని, గొంతు తగ్గించి, తప్పు నాదేనన్నాడు. ఇంట్లో ఆవిడ కంచం పెట్టేసి పక్కగదిలోకి వెళ్ళిపోతోందని కూడా అన్నాడు. అంటే ఆయన్ని నడిపించింది నూకరాజు కాలు కాదు, మాటలు లేని అన్నం. నూకరాజు చేతికర్ర మీద నిలబడి విన్నాడు.

“నాతో ఎందుకండి? నాకు తెలుసు కదా,” అన్నాడు. “గంపలో సరుకు పడేసి పోయినోళ్ళకి చెప్పండి.”

తర్వాతి ఆదివారం రావు రాలేదు. ఆ పై వారమూ లేదు. నేను ఆశ్చర్యపోలేదు. ఆ పై వారం మాత్రం నడుచుకుంటూ వచ్చాడు, కారు లేకుండా. దిమ్మ ఎక్కలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా పోయి చివరి మలుపు దగ్గర మార్షల్‌గా నిలబడ్డాడు. పంచె ఎగగట్టి, దుమ్ములో వంగి, తిరగబడ్డ ప్రతి కారునీ లేపాడు. ఒక్క వాక్యం చెప్పడం తప్పించుకోవడానికి మనిషి ఎంత చాకిరీ అయినా చేస్తాడు. నూకరాజు దిమ్మ మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను అతని చేతిలో ఉన్నాను. విశాలాక్షి అతని వెనకాల, ఫ్లాస్కుతో.

డాక్టరు గారి కారు తిరగబడింది. రావు దాన్ని రెండు చేతులా ఎత్తాడు. మీ కారేది రావుగారూ అని డాక్టరు దిమ్మ మీంచి అడిగారు.

“తేలేదు,” అన్నాడు రావు. ఆగాడు. నేల వంక చూస్తూ గొణిగాడు. “నూకరాజు కాలు విరగ్గొట్టింది రిమోటు కాదు. నేను.”

డాక్టరు వినిపించుకోలేదు, లేదా వినడం ఇష్టం లేకపోయింది. ఎడం చక్రం వదులైందేమో చూడమన్నారు. నమ్మిన తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందంటే చెవులు కూడా సమయానికి పనిచెయ్యవు. కాంట్రాక్టర్లు బ్యాటరీలు సర్దుకోవడంలో పడ్డారు. ఆ మాట అలాగే దుమ్ములో కలిసిపోయేదే.

“వినబడలేదండి రావుగారూ,” అన్నాడు నూకరాజు. “కాస్త గట్టిగా.”

రావు తలెత్తాడు. నూకరాజుని చూశాడు, అతని వెనకాల భార్యని చూశాడు. ఆ తర్వాత బజారంతా వినబడే తన గొంతుతో చెప్పాడు. సిగ్నల్ పోలేదని, మనిషి కనబడుతుండగానే ట్రిగ్గరు లాగానని, ఆ రోజు అబద్ధం ఆడానని. అందరికీ వినబడింది. వినలేదనడానికి ఇక ఎవరికీ వీల్లేకపోయింది.

డాక్టరు గారు నోరు తెరుచుకుని నిలబడిపోయారు. ఆ కంగారులో తన వేలు ట్రిగ్గరు మీదే ఉండిపోయిన సంగతి ఆయనకి తెలీదు. రావు చేతుల్లో కారు చక్రాలు గిర్రున తిరుగుతూ ఆయన చొక్కా మీదికి మట్టి చిమ్ముతున్నాయి. రావు దాన్ని కింద పడెయ్యలేదు, మొహం పక్కకి తిప్పుకోలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

“డాక్టరు గారూ,” అన్నాడు నూకరాజు, “వేలు తియ్యండి.”